నాగవ్వ వల విసిరిన రోజు

మా పోచంపాడ్‌లో నాగవ్వ నోరు తెరిస్తే పక్క ఊరు ముప్కాల్‌లో కుక్కలు లేచేవి. చేపల బేరానికి వచ్చిన మహారాష్ట్ర వ్యాపారులు ఆమె మాటకు తట్టుకోలేక గోదావరి ఈది పారిపోయారంటే అబద్ధం కాదు, నేను పక్కింటిదాన్ని. అలాంటి మనిషి పోయిన వానాకాలం నుంచి నోరు మూసుకుంది.

ఆమె భర్త లింబాద్రి మా ఊరి ప్రాజెక్టు నీళ్లలో వల విసిరి, దాని వెంట తానూ పోయాడు. వల తాడును మణికట్టుకు కట్టుకుని విసరడం మావాళ్ల పద్ధతి. అడుగున ఏ మొద్దుకో వల చిక్కుకుంది, పడవ ఒరిగింది, ముడి ఊడలేదు. ఒడ్డుకు తెచ్చాక నానిన ఆ ముడిని పంటితో లాగి విప్పింది నాగవ్వే. ఊరంతా ఏడ్చింది, నేనైతే రెండు బిందెలు ఏడ్చాను. ఆమె మాత్రం వలను తీగ మీద ఆరేసింది.

నెల తిరిగాక చేపల సంఘం పెద్ద బాపురావు వచ్చాడు. లింబాద్రి సభ్యత్వం ఆమెకు రావాలంటే పరీక్ష ఉంటుందన్నాడు. వల గుండ్రంగా పరుచుకునేలా విసరాలి, మళ్లీ లాగాలి. లేకపోతే చేపలు పట్టే హక్కు పోతుంది. ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు.

"ఇసురుత," అంది నాగవ్వ, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు.

వాకిట్లో సాధన మొదలైంది. వల ప్రతిసారీ ముద్దగా పడేది. ఒకసారి మా కోళ్ల మీద పడితే, ఆ జడుపుకు అవి ఇప్పటికీ సరిగ్గా గుడ్లు పెట్టడం లేదు. కూతురు నిరోష డిచ్‌పల్లి యూనివర్సిటీలో ఇంగ్లీషు చదువుతోంది. తల్లి చేత నాలుగు మాటలు పలికించాలని దాని తాపత్రయం.

"అవ్వా, ఇసురుడును ఇంగ్లీషుల త్రో అంటరు. ఎనుకట ఆ మాటకు ఇసురుడని అర్థమే లేదట. తిప్పుడు, మెలిపెట్టుడు అట. దారాన్ని త్రెడ్ అంటరు సూడు, అది గూడ దాని సుట్టమే. మెలిపెడితెనే గద దారమయ్యేది."

"మరి ఇసురుడు ఎట్లయ్యింది?" అన్నాను నేను.

"చెయ్యి తిప్పే గద ఇసురుతం పెద్దమ్మా, అట్ల మారిందంటరు. సారె మీద కుండ జేసుడును ఇప్పటికీ త్రో అనే అంటరు. దావత్ ఇచ్చినా త్రో, గుర్రం మనిషిని పడేసినా త్రో."

"ఒక్క మాటతోని గిన్ని పనులా? మస్తు పిసినారోళ్లున్నట్టున్నరు."

నిరోష నవ్వింది. నాగవ్వ నవ్వలేదు.

"మనం గూడ పిండి ఇసురుతం," అంది వల చిక్కు తీస్తూ. "ఇసుర్రాయిని ఎవలు పారేస్తరు? తిప్పుతరు."

లేచి వల భుజాన వేసుకుంది. ఈసారి చేయి ఒక్కటే కాకుండా నడుము కూడా తిరిగింది. వల పళ్లెంలా విచ్చుకుంది.

పరీక్ష రోజు ఒడ్డున ఇసుక కనబడనంత జనం. నాగవ్వ మోకాటి లోతు నీళ్లలో నిలబడి తిరిగింది. నా చేతి జొన్నరొట్టె కూడా అంత గుండ్రంగా రాదు, అలా పరుచుకుంది వల. దాని వెనకే తాడు జరజరా పాకి, కొసతో సహా మునిగిపోయింది. ఆమె దాన్ని మణికట్టుకు కట్టుకోలేదు.

"తాడు మర్శినవా వదినా?" అన్నాడు బాపురావు.

"మరువలేదు. కట్టుకోను."

"కట్టుకోకుంటె వల పోతది."

"పోతె వలనే గద పోయేది."

బాపురావు తల తిప్పుకున్నాడు. లింబాద్రిని నీళ్లలోంచి తీసినవాళ్లలో అతనూ ఉన్నాడు. "వల మల్ల రావాలె వదినా. లేకుంటె నేనియ్యలేను," అన్నాడు మెల్లగా.

"ఒక్కసారి కట్టుకో అవ్వా," అని నిరోష తల్లి చేయి పట్టుకుంది. నాగవ్వ ఆ చేతిని తీసేసింది.

మగవాళ్లు ఈది వలను బయటికి తెచ్చారు. ఆమె తాడు కొస పట్టుకుని, ఒడ్డున పడవలు కట్టే గుంజ దాకా నడిచి, దానికి ముడి వేసింది. మళ్లీ నీళ్లలోకి దిగి విసిరింది. తాడు బిగిసింది, గుంజ కదలలేదు. ఆమె వలను లాగి ఒడ్డున పెట్టింది. అందులో వేలెడంత చేపలు కొన్ని ఎగురుతున్నాయి.

"గుంజకు గట్టి ఇసిరెటోళ్లను నేనేడ జూడలె," అన్నాడు బాపురావు.

"ఇప్పుడు సూస్తున్నవ్ గద."

అతను నవ్వబోయి ఆగి, సంఘం వాళ్లకేసి తల ఊపాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. నాగవ్వ చీర కొంగు పిండుకుంటూ, "అన్నం తిన్నవా?" అని కూతురిని అడిగింది.

ఇప్పుడు రోజూ పోతుంది. తాడు అందినంత దూరమే విసురుతుంది కాబట్టి పెద్ద చేపలు పడవు. మా ఆయన నడి నీళ్లలోంచి తెచ్చేవి లేగదూడలంత ఉంటాయి, ఆమె వాటిని కన్నెత్తి చూడదు. ముప్కాల్ కుక్కలు హాయిగా నిద్రపోతున్నాయి. పొద్దున్నే గుంజకు తాడు కట్టి, ముడి కొస ఒకసారి లాగుతుంది. సులువుగా ఊడితే, మళ్లీ అలాగే కట్టి నీళ్లలోకి దిగుతుంది.