స్థానికులెవరికీ పరిచయం లేదు

2019 వేసవి. పాలమూరు వైపు ఒక జిల్లా పోలీసు కార్యాలయంలో నేను సీనియర్ అసిస్టెంట్‌ని. విదేశీయుల రిజిస్ట్రేషన్ సెక్షన్ చూసేదాన్ని. వీసా పొడిగింపు కోసం ఎవరైనా దరఖాస్తు పెడితే, స్థానిక స్టేషన్ నుంచి వెరిఫికేషన్ రిపోర్టు తెప్పించి పైకి పంపాలి. మనిషి చెప్పిన చోటే ఉంటున్నదా, చెప్పిన కారణం నిజమేనా అన్న విచారణ అది. మా రికార్డుల్లోని విదేశీయుల్లో చాలామంది ఇక్కడ పుట్టినవాళ్లే.

మరియమ్మ అలాంటి మనిషే. మక్తల్ దగ్గరి పల్లెలో కూలీల ఇంట్లో పుట్టి, హాస్టల్లో చదివి నర్సయింది. ముప్పై ఏళ్లు ఇంగ్లండులో పనిచేసి అక్కడి పౌరసత్వం తీసుకుంది. మన దేశం నుంచి వెళ్లి విదేశీ పౌరులైనవాళ్లు వీసా లేకుండా వచ్చి ఎన్నాళ్లయినా ఉండేందుకు ఓసీఐ కార్డు ఇస్తారు. పాత పాస్‌పోర్టు దొరక్క ఆమె ఆ పని వాయిదా వేస్తూ వచ్చింది. ఇంతలో తల్లికి పక్షవాతం వచ్చిందని తెలిసి, టూరిస్టు వీసా మీద పరుగెత్తుకొచ్చింది. గడువు దగ్గరపడింది, తల్లి లేవలేదు. దవాఖాన కాగితాలు జతచేసి మూడు నెలలు పొడిగించమని అడిగింది.

"మా అమ్మకు ముక్కుల గొట్టం పెట్టి పాలు పోస్తున్న మేడమ్. గా పని ఇంట్ల ఇంకెవరికీ రాదు. జర జల్దీ చూడుండ్రి," అంది.

నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. 'గ్రామంలో విచారించగా సదరు మహిళ స్థానికులెవరికీ పరిచయం లేదు.' చదివితే వింతగా అనిపించింది. అయినా సంతకం పెట్టి పంపాను. పొడిగింపు ఇవ్వలేదు. పది రోజుల్లో దేశం విడిచి పొమ్మని నోటీసు వచ్చింది.

ఆ నోటీసు పట్టుకుని ఆమె నా ముందు నిలబడింది. "ఎవర్ని అడిగిన్రు?"

ఆమె ఎదుటే, విచారణకు వెళ్లిన కానిస్టేబుల్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"పటేలు ఇంటికాడ అడిగిన మేడమ్. తెల్వదన్నడు."

"ఆమె ఉండే వాడకు పోలేదా?"

"గంత లోపటికి ఏం పోతం మేడమ్, ఎండ గట్లున్నది."

మరియమ్మ ఫోన్ మీదికి వంగింది. "గాయన చేన్ల మా అమ్మ నలభై ఏండ్లు కలుపు తీసింది. మొన్న గాయనకు బీపీ పెరిగితే ఇంటికి పోయి చూసింది నేను. నేను తెల్వనా గాయనకు?"

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను. ఆ పల్లె బడిలో ఆమె పేరున్న అడ్మిషన్ రిజిస్టర్ నకలు తీసుకున్నాను. వాడంతా తిరిగి సంతకాలు, వేలిముద్రలు సేకరించాను. ఒక ముసలావిడ వేలిముద్ర వేస్తూ, "పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేనే, ఇంకేం రుజువు గావాలె వాళ్లకు?" అని నన్నే గద్దించింది. అవన్నీ తెచ్చి మా అధికారి ముందు పెడితే ఆయన తాకనైనా లేదు.

"సెక్షన్‌ల కూసునేటోళ్లు విచారణకు పొమ్మని ఎవరు చెప్పిన్రు నీకు? ఒక్కసారి రిజెక్టయినంక అయిపోయింది."

గడువు దాటి ఉంటే ఓవర్‌స్టే కింద లెక్క. బ్లాక్‌లిస్టులో పెడితే మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టడానికి ఉండదు. మరియమ్మ తన వదినకు ఆ గొట్టం ఎలా వాడాలో నేర్పి వెళ్లిపోయింది. పందొమ్మిదో రోజున పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి తల్లి చనిపోయింది. కూతురు లేకుండానే మట్టి చేశారు.

ఏడాదిలోపే ఓసీఐ కార్డుతో తిరిగొచ్చింది. సరాసరి మా ఆఫీసుకే వచ్చింది.

"నేనెవరికీ తెల్వనని రాసిన్రు గద. గా మాట కొట్టెయ్యాలె."

మూసేసిన ఫైల్లో అక్షరం మార్చడానికి వీల్లేదు. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. రిపోర్టు తప్పని నా పేరుతో ఒక కాగితం రాసి, రిజిస్టర్ నకలూ వాడవాళ్ల సంతకాలూ కలిపి ఫైల్లో కుట్టాను. మూసిన ఫైలు ఎందుకు ముట్టావని నాకు మెమో వచ్చింది. 'అందులో ఉన్నది అబద్ధం కనుక' అని ఒక్క వాక్యం జవాబిచ్చాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరిని అడిగారో పేర్లు లేని రిపోర్టును పైకి పంపలేదు. ఏ వాడలో, ఏ ఇంట్లో అడిగారో రాయమని తిప్పి పంపేదాన్ని. స్టేషన్లవాళ్లు విసుక్కునేవాళ్లు. విసుక్కోనీ. వింతగా ఉందని తెలిసీ నేను సంతకం పెట్టిన కాగితం ఒకటుంది. దానికి మాత్రం నాకు ఎవరూ మెమో ఇవ్వలేదు.