ఐదో రోజు పరీక్ష

ఆయనకు వేరే గ్లాసు పెట్టమని నాకెవరూ చెప్పలేదు. పూండి నుంచి మా చర్చి సంఘానికి వచ్చే లారీ డ్రైవరాయన. ఆయనకు హెచ్ఐవీ ఉందని తెలిశాక, ప్రభు బల్ల ఆదివారాల్లో ద్రాక్షరసం ఇచ్చే చిన్న గ్లాసులు కడిగే పని నాదే కాబట్టి, ఆయనది విడిగా తీసి బ్లీచింగు పౌడరు వేసి తోమేవాణ్ణి.

"అలా తోమితే గలాసు అరిగిపోతాది బావా," అని నా భార్య నవ్వేది.

నేను పలాసలో జీడిపప్పు వ్యాపారి దగ్గర గుమాస్తాను. ఒకసారి సరుకుతో కటక్ వెళ్ళినప్పుడు ఒకామె దగ్గరికి వెళ్ళాను, కండోం లేకుండా. భయం పట్టుకుని ఐదో రోజున టెక్కలి ఆసుపత్రిలో హెచ్ఐవీ పరీక్షకు రక్తం ఇచ్చాను. లేదని వచ్చింది. అక్కడి కౌన్సెలరమ్మ మాత్రం నన్ను వదల్లేదు.

"ఐదు రోజులకి ఏటీ తెల్దు బాబూ. ఒంట్లో ఉన్నా ఇందులో కనపడదు. మూడు నెల్లాగి మళ్ళీ రా. అంతవరకూ ఇంటావిడ దగ్గర కండోం వాడు. గలాసులకీ దోమలకీ రాదు, కండోం లేకుండా కలిస్తే వత్తాది."

అన్నిటికీ తలూపాను. 'లేదు' అన్న ఒక్క ముక్కే ఇంటికి తెచ్చుకున్నాను. కండోం తెస్తే ఎందుకని నా భార్య అడుగుతుందని భయపడ్డాను. మూడు నెలలయ్యాక జీడిపిక్కల సీజను, తీరిక లేదనుకున్నాను. బస్సెక్కితే గంట ప్రయాణం. ఆదివారం ఆ గ్లాసు తోమడానికి మాత్రం తీరికుండేది.

మరుసటి ఏడాది నా భార్యకు ఐదో నెల. అదే ఆసుపత్రిలో అందరు గర్భిణులకూ చేసినట్టే పరీక్ష చేసి, నన్నూ పిలిపించారు. ఇద్దరికీ ఉంది.

కౌన్సెలరమ్మ నన్ను గుర్తుపట్టింది. "మూడు నెల్లకి రమ్మన్నాను కదా బాబూ," అంది.

నా భార్య ఆవిడ వైపు, తరువాత నా వైపు చూసింది. "ఈవిడ నీకు సెప్పిందా? మరి నాకెందుకు సెప్నేదు బావా?"

బిడ్డకు సోకకుండా ఆమెకు అప్పటినుంచే, పుట్టాక బిడ్డకూ మందులు ఇచ్చారు. ఏడాదిన్నరకు చేసిన పరీక్షలో బిడ్డకు లేదని తేలింది. అది ఆ ఆసుపత్రివాళ్ళ పుణ్యం, నాది కాదు.

ఇప్పుడు మందులకు ముగ్గురం ఒకే బస్సులో వెళతాం: డ్రైవరాయన, నా భార్య, నేను. దారంతా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు. ఆదివారం గ్లాసులన్నీ కలిపే కడుగుతున్నాను.