ఆడిటరు కావాలనుకున్న అక్క

హుస్సేనీ ఆలంలో మా పక్కింటి అక్క మొన్న శుక్రవారం పొద్దున సర్కారు దవాఖానాలో పోయింది. కిడ్నీలు చెడిపోయాయని తెలిసేసరికే ఆలస్యమైంది. వీధిలో అందరూ ఆమెను నూనె కొట్టులో లెక్కలు రాసే మనిషిగానే ఎరుగుదురు. ఆమె ఏం కావాలనుకుందో తెలిసినవాళ్లం వాళ్లమ్మా, నేనూ మాత్రమే మిగిలాం.

అక్క చార్టర్డ్ అకౌంటెంట్ కావాలనుకుంది. వాళ్ల బాపు బస్సు డిపోలో మెకానిక్కు. ఆడపిల్లకు ఆ చదువెందుకని చుట్టాలంటే, "నా చేతుల మసి నాతోనే పోవాలె" అనేవాడు. నది అవతల ఒక ఆడిటరు దగ్గర అక్క శిక్షణ పూర్తిచేసింది. సాయంత్రాలు జడలో పెన్సిల్ గుచ్చుకుని అరుగుమీద చదివేది. నేను ఇంటర్లో కామర్స్ తప్పితే కూర్చోబెట్టి చెప్పింది ఆమే. లెక్క కుదరక విసుక్కుంటే, "పెద్ద తప్పు దానంతటదే కనిపిస్తదే. చిన్నదే సతాయిస్తది. మల్ల చూడు" అనేది. ఇవాళ నేను బ్యాంకులో ఉన్నానంటే ఆమె చలవే.

ఆమె ఆఖరి పరీక్షల నడుమ పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టారు. పరీక్ష కేంద్రం నది అవతల. అక్కా, బాపూ సందులు పట్టుకుని నయాపూల్ దాకా నడిచారు. వంతెన దగ్గర పోలీసులు ఆపారు. అక్క హాల్ టికెట్ చూపించింది.

"సార్, గీ పూల్ దాటనియ్యుండ్రి. నా బిడ్డ పరీక్ష" అని బాపు చేతులు జోడించాడట.

"పానం కన్న ఎక్కువనా పెద్దాయనా? వాపస్ పోండ్రి."

ఇంటికొచ్చి అక్క ఏడవలేదు. పరీక్ష ముగిసే వేళదాకా పుస్తకం తెరిచి కూర్చుంది.

మళ్లీ పరీక్షలొచ్చేలోపు బాపుకు పక్షవాతం వచ్చింది. ఎంతోకాలం బతకలేదు. అక్క మాదన్నపేటలో నూనె కొట్టులో కుదిరింది. పని చేసుకుంటూనే రాసింది, తప్పింది. మళ్లీ రాసింది. ఫలితం చూసొచ్చిన రోజు మా గడపలో కూలబడింది.

"ఇగ బుర్రకు ఎక్కుతలేదే."

"మల్ల చూడక్కా" అన్నాను.

"ఏం చూడాలె? తప్పు యాడుందో దొరుకుతలేదు."

తర్వాత ఆ మాటే ఎత్తలేదు. మేమూ అడగలేదు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ అక్క నూలు చీరలన్నీ ఉతికి, గంజి పెట్టి, వాకిట్లో ఆరేస్తోంది.

"ఇప్పుడెందుకు చిన్నమ్మా?"

"ముడతలుంటె దానికి మనసున పట్టదు బిడ్డా."

ఇద్దరం మెట్టుమీద కూర్చున్నాం. ఎండ గోడెక్కి పోయింది. చీరలు బిరుసుగా ఆరి, గాలికి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. తీసి మడతపెట్టడానికి మాలో ఎవరమూ లేవలేదు.