ఓడను ఆపిన పిడికిలి

పొద్దున పూట మా అమ్మకి ఓట్సు కాస్తుంటే పరాయి దేశంలో, వెస్ట్‌మీడ్‌లోని ఈ అద్దె ఫ్లాటంతా గంజి వాసన కమ్ముకుంటుంది. ఆస్పత్రి వంటగదిలో రోజూ గంగాళాల కొద్దీ అదే కలుపుతాను, అక్కడ ఆ వాసన నన్నేమీ చేయదు. ఇంట్లో అమ్మ గిన్నె ముందు కూర్చుని ప్రార్థనకి కళ్లు మూసుకున్నప్పుడే లేచి కిటికీ తెరుస్తాను. కాచేది నేనే, గరిటె మాత్రం నా చేతికివ్వదు, వడ్డించుకునేది తనే. నాకు యాభై దగ్గర పడుతోంది. అక్షరాలు నలభయ్యో ఏట నేర్చుకున్నాను. వంకర రాతే అయినా, ఇది నేనే రాయాలి.

మా పేట గుంటూరు జిల్లాలో, మిషను కాంపౌండు గోడ వెనకాల ఉండేది. వానలు మొహం చాటేసిన ఆ రెండేళ్లలో ఎండాకాలం తప్ప మరో కాలం నాకు గుర్తు లేదు: నెర్రెలిచ్చిన రేగడి, వేయించి పొట్టు తీసి నమిలిన చింతగింజలు, అచ్చంగాయలు ఆడుతూ ఆడుతూ ఆకలికి రాళ్లు చేతిలోనే పెట్టుకుని నిద్రపోయిన మధ్యాహ్నాలు, క్రిస్మస్‌కి అమ్మ ఒకే అరిసెను నాలుగు ముక్కలు చేసి అందరికంటే పెద్ద ముక్క మా తమ్ముడు దానియేలుకి పెట్టడం. అప్పుడే కాంపౌండులో గంజి కేంద్రం తెరిచారు. అమెరికా ఓడలో వచ్చిన ఎర్రజొన్నలట, ఉడుకుతుంటే గోనె వాసన, పొగ వాసన కలిసి పేట చివరిదాకా వచ్చేది. గంజి పోసే ముందు అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అందరినీ నిలబెట్టి అమెరికా రాజుగారిని దీవించమని ప్రార్థన చేయించేవారు. అక్కడ రాజు లేడని మాకు తెలీదు, ఆయనకీ తెలీదేమో. కళ్లు తెరిస్తే ఆ రాజుకి కోపమొచ్చి గింజలు పంపడని పిల్లలం నమ్మేవాళ్లం.

ఒకనాడు నేను తెరిచాను. పక్కనే మూతి విప్పిన గోనె ఉంది. పిడికెడు జొన్నలు తీసి పరికిణీ అంచున ముడేసుకున్నాను. దానియేలుకి మూడేళ్లు, గంజి వాడి కడుపులో నిలిచేది కాదు, పేలాలంటే ప్రాణం. నాకు ఎనిమిదేళ్లు. వేయించడానికి సందు దొరక్క వాటిని చూరులో దాచాను.

వారం తిరక్కుండా గోనెలు ఖాళీ అయ్యాయి. కొత్త ఓడ రాలేదు. ఆదివారం అయ్యగారు గొంతు చించుకుని, ఈ మందలో దొంగలున్నారు, అందుకే ప్రభువు ఓడని నడిసముద్రంలో నిలబెట్టాడు అన్నారు. భయపడి అమ్మకి చెప్పేశాను. అమ్మ నన్ను జుట్టు పట్టి మిషను గుడి ముందుకి ఈడ్చుకెళ్లి, అందరూ చూస్తుండగా ఆ గింజల్ని ఖాళీ గోనెలో తిరిగి పోసింది. గోనె అడుగున అవి రాలిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఓడ నెలల తరబడి రాలేదు. దానియేలు అది వచ్చేదాకా ఆగలేకపోయాడు, ఆకలికే పోయాడు. ఆ తర్వాత పేటలో నా పేరు పోయింది, “ఓడనాపినదానా” అనే పిలిచేవాళ్లు. దొంగచేతికి పలక ఇవ్వం అని మిషను బడిలోంచి గెంటేశారు.

మొన్న గల్ఫు యుద్ధం టీవీలో టపాకాయల్లా వెలుగుతుంటే, యూనివర్సిటీకి వెళ్లే మా అబ్బాయి సునీల్ అమెరికా విదేశాంగ విధానం మీద ఏదో వ్యాసం రాసుకుంటూ తలెత్తాడు.

“మమ్, ఇది మీ టైమ్‌దే. ఇండియా గ్రెయిన్ అడిగితే వాళ్ల పార్లమెంట్‌లో మంత్స్ మంత్స్ డిబేట్ చేశారు.”

“ఎందుకురా?”

“కొరియా వార్‌లో ఇండియా వాళ్ల సైడ్ లేదని కోపం. కొందరైతే బదులుగా ఏదో కావాలన్నారు. లెవరేజ్, మమ్.”

“దొంగతనం సంగతేమన్నా రాశారా?”

“వాట్ దొంగతనం?”

వాడికేం చెప్పను? కోట్లు తొడుక్కున్నవాళ్లు చల్లటి గదుల్లో కూర్చుని, ఎవడు మనవాడు, ఎవడు కాడు అని నెలల తరబడి తీరిగ్గా తేల్చుకుంటే అది విధానమట. అది సముద్రాలు దాటి మా పేటకి వచ్చేసరికి ఆదివారం ప్రసంగమైంది, ఎనిమిదేళ్ల పిల్ల జుట్టుకి చుట్టుకుంది. ఆ రాజుగారి కోసం మేం నిలబడి ప్రార్థన చేశాం, సిగ్గులేకుండా, రోజూ.

మర్నాడు ఓట్సు ముందు అమ్మకి మొత్తం చెప్పాను. నా వల్ల కాదమ్మా, వాళ్లే ఆపారు అన్నాను. గరిటె కింద పెట్టింది.

“ఆ దొరల గోల నాకెందుకే. నువ్వు తీశావా లేదా, అది సెప్పు.”

“తీశాను. తమ్ముడికోసమే.”

అమ్మ గిన్నె పక్కకి జరిపింది. “తప్పు నీది కాకపోతే, ఆ గింజలు వాడి నోట్లో ఏయకుండా నేను గోనెలో ఎందుకు పోసినట్టే?” అంది.

నలభై ఏళ్లుగా ఈమె నన్ను దొంగని చేసి దేన్ని పట్టుకుని బతికిందో అప్పుడు తెలిసింది. గంజి కేంద్రం లేదు, అయ్యగారు లేరు, మా పేట ఉన్నచోట ఇప్పుడు గోడౌన్లున్నాయని విన్నాను. నన్ను ఆ పాత పేరుతో పిలవగలిగేది ఈ భూమ్మీద ఈమె ఒక్కతే.

“తప్పు నాదేలే అమ్మా. సల్లారిపోద్ది, తిను” అన్నాను.

అమ్మ ప్రార్థనకి కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు.