హెడ్‌లైటుకు నల్ల బొట్టు

కంగారూల దేశం వెళ్లి క్లేటన్‌లో చదువుకునే ఆ రోజుల్లో నాకు కలలు నిద్రలో కంటే మెలకువలోనే ఎక్కువ వచ్చేవి. క్లాసులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు, మనసు బయట నిలిపిన నా పాత మోటారు సైకిలెక్కి సముద్రం వైపు వెళ్లిపోయేది. ఆ బండిని సీనియర్ ఒకాయన చదువు ముగించి వెళ్తూ నాకు అంటగట్టాడు. (అంటగట్టాడని ఇప్పుడంటున్నాను, అప్పుడైతే వరమిచ్చాడనే అనుకున్నాను.) దానికి అన్నీ బాగానే ఉన్నాయి గానీ హెడ్‌లైటు ఒక్కటే దిగులు మొహం వేసుకుని ఉండేది. పొద్దువాలాక అది రోడ్డు మీద పరిచే పసుపు మరకను చూస్తే జాలేసేది.

సరిగ్గా అప్పుడే మా తెలుగు సంఘంవాళ్లు ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన సముద్రపు ఒడ్డున పెట్టుకున్నారు. సంఘం మొత్తానికి డోలక్ వాయించేవాణ్ణి నేనొక్కణ్ణే. పాటల ఆంటీ (గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన నర్సు, పాటలన్నీ ఆవిడే ఎత్తుకునేవారు కాబట్టి ఆ పేరు) నన్ను పక్కకు పిలిచి, "డోలక్ లేకపోతే వీళ్లంతా పాటను నిద్రపుచ్చేస్తారు నాన్నా. నువ్వు కచ్చితంగా రావాలి" అన్నారు. ఆ దేశం వచ్చాక నన్ను కచ్చితంగా రావాలన్న మొదటి మనిషి ఆవిడే. నేను ఉబ్బి తబ్బిబ్బయిపోయాను. తీరా చూస్తే కార్లన్నీ నిండిపోయాయి, ఆ వేళకు బస్సులు లేవు, ఇక బండే దిక్కు. బండి ఇంకా ఆ సీనియర్ పేరు మీదే ఉంది, మార్చుకునే గడువు ఆ వారంతో సరి. నా పేరు మీదికి మారాలంటే దాన్ని వర్క్‌షాపులో చూపించి, రోడ్డెక్కడానికి పనికొస్తుందని రోడ్‌వర్తీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. శుక్రవారం నుంచి వరసగా సెలవులు. గురువారం పాస్ కాకపోతే డోలక్కూ నేనూ ఇంట్లోనే.

ఆ మసక దీపంతో పాస్ కాననిపించి, ఆన్‌లైన్‌లో మంచి ఎల్ఈడీ బల్బు తెప్పించాను. అదొచ్చేదాకా నాకు ఒకటే ఊహ: చీకట్లో వెన్నెల పోసుకుంటూ నా బండి ఒడ్డుకు చేరడం, జనమంతా తలతిప్పి చూడటం. మా ఇంట్లో ఉండే హైదరాబాదీ కుర్రాణ్ణి అందరం భాయ్ అనేవాళ్లం. ఇద్దరం కలిసి బుధవారం సాయంత్రం పాత బల్బు తీసి కొత్తది బిగించి స్విచ్ వేశాం. పెరటి గోడ తెల్లబడింది. గోడ అవతల చెట్టు తెల్లబడింది. ఆ చెట్టు వెనక ఇంటి మేడ గది కూడా తెల్లబడింది. "అరె మియా, లైటంటే ఇది. కంగారూలు గూడ సలాం కొడ్తయ్" అన్నాడు భాయ్. అంతలో మేడ గది ముసలావిడ కిటికీ తెరిచి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా, అంబులెన్స్ గాని వచ్చిందా అని ఎంతో ఆదుర్దాగా అడిగింది.

అప్పుడు తట్టింది నాకు ఆ మహత్తరమైన ఆలోచన. మా తెనాలిలో లారీలకూ బస్సులకూ ఎదుటివాడి కళ్లు చెదరకుండా హెడ్‌లైటు మధ్యలో నల్ల బొట్టు పెట్టేవారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు రోడ్డు మీద ఉన్నారని తెలిస్తే మా నాన్నగారు కూడా స్కూటరుకు అప్పటికప్పుడు పెయింటు పూసేవారు. చట్టమంటే నల్ల బొట్టే అని నా చిన్నప్పటి నమ్మకం. సీసా మూత పెట్టి గీసి, ఇన్సులేషన్ టేపు గుండ్రంగా కత్తిరించి, అద్దం నడిమధ్యన అతికించాను. భాయ్ దూరంగా నిలబడి చూసి, చంటిపిల్ల బుగ్గకు దిష్టిచుక్క పెట్టినట్టుందన్నాడు. నాకు ముద్దొచ్చింది.

గురువారం పొద్దున వర్క్‌షాపులో బండి చూసినవాడు తెల్ల మీసాల గ్రీకు పెద్దాయన. బ్రేకులు చూశాడు, టైర్లు చూశాడు, హెడ్‌లైటు ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు. అదేమిటని అడిగాడు. నేను తెనాలి బస్సుల దగ్గర మొదలుపెట్టి ఎదుటి డ్రైవరు కంటిపాప దాకా వివరించాను. అంతా ఓపిగ్గా విని, "అంటే ఎక్కువ వెలుగు కొనుక్కుని, నువ్వే మూసేసుకున్నావన్నమాట" అన్నాడు. బల్బు చుట్టూ ఉండే ఆ పాత డూమ్ ఈ కొత్త బల్బు కోసం చేసింది కాదు, అందుకే వెలుగు నలువైపులా చిమ్ముతోంది, ఇది పాస్ కాదు అన్నాడు. నా కళ్లముందు డోలక్ ఒక్కటే ఒంటరిగా సముద్రం వైపు దొర్లుకుంటూ పోయింది. ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు. ఆదివారం తెల్లవారుజాము పాట సంగతి చెప్పేశాను. ఆయన మీసం దువ్వుకుని, "మీ ఈస్టర్ ఈ ఆదివారం. మా గ్రీకు చర్చివాళ్లది ఇంకా తర్వాత. నేను ఉపవాసంలో ఉన్నాను, లంచ్ టైము నీకిస్తాను" అని, ఇక్కడి రూల్స్‌కు తగిన ముద్ర ఉన్న హెడ్‌లైటు సెట్టు ఒకటి అటక మీంచి తీసి బిగించి, దాని వెలుగును గోడ మీద గీతకు సరిపెట్టి, సర్టిఫికెట్ రాసిచ్చాడు. (నల్ల బొట్టును మాత్రం తన టూల్ బాక్సు మీద అతికించుకున్నాడు.) రిజిస్ట్రేషన్ ఆఫీసు మూసేలోపు పరుగెత్తి బండిని నా పేరు మీద రాయించుకున్నాను.

ఆదివారం డోలక్‌ను వీపుకు కట్టుకుని వెళ్లాను. దారంతా లైటు ఎంత బుద్ధిగా పడిందో. ఒడ్డున చూస్తే అందరూ చీకట్లో పాటల పుస్తకాలు పట్టుకుని దిక్కులు చూస్తున్నారు. "నీ బండి ఇటు తిప్పు నాన్నా" అన్నారు పాటల ఆంటీ. తిప్పాను. ఆ వెలుగు ఎవరి కళ్లలోనూ పడకుండా, కొలిచి పోసినట్టు పుస్తకాల మీద పడింది. నా ఎల్ఈడీ అయితే సంఘమంతా మొహాలకు చేతులు అడ్డం పెట్టుకుని పాడవలసి వచ్చేది. డోలక్ మీద దెబ్బ పడింది, పాట లేచింది, కాసేపటికి సముద్రం మీద ఆకాశం ఎర్రబడింది. ఆ పొద్దుటంత ఆనందం నాకు మళ్లీ దొరకలేదు. అంత ఆనందంలో లైటు ఆర్పడం ఎవరికి గుర్తుంటుంది? బ్యాటరీ దిగిపోయింది. పట్టుచీరల ఆంటీలూ కోట్లు తొడుక్కున్న అంకుల్సూ హల్లెలూయా అంటూ బండిని పార్కింగంతా నెట్టారు.

ఇప్పుడు నా కారు దీపాలు చీకటి పడితే వాటంతటవే వెలుగుతాయి, దిగితే కాసేపటికి వాటంతటవే ఆరిపోతాయి. నేను దిగి, అవి ఆరేదాకా చూస్తూ నిలబడతాను. "డాడ్, కమాన్" అని మా అమ్మాయి విసుక్కుంటుంది. వీపున డోలక్‌తో తిరిగిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడికి తెలిసింది తక్కువే. కానీ బండి ఆగిపోతే నెట్టడానికి వాడి వెనక ఒక సంఘమంతా ఉండేది.