రాళ్ళకు అవతలి పొద

అక్టోబరు చివర, మధ్యాహ్నం రెండుంపావుకి మిలిటరీ లారీ మమ్మల్ని నీలగిరి కొండమీద సిగ్నల్ టవర్ దగ్గర దించింది. కాపలాకి ఆరుగురం ఆడపిల్లలం, పైన ఒక హవల్దార్ మేడమ్. రేకుల షెడ్డు, ముళ్ళకంచె, చుట్టూ పొదలు. మా వత్సవాయిలో ఆ వేళకి ఫ్యాను కిందా చెమటలే. ఇక్కడ రెండు స్వెట్టర్లు వేసుకున్నా పళ్ళు టకటకలాడాయి.

వైర్‌లెస్ సెట్ చూసే పిల్లది కోదాడ, మా గరికపాడు చెక్‌పోస్టుకి అవతల, తెలంగాణ.

"ఏందే, అప్పుడే వణుకుతున్నవ్? ఇంకా చలికాలమే రాలే."

"నోరు మూసి టీ పెట్టవే," అన్నాను.

ఫారెస్టు వాచర్ ముసలాయన రోజూ ఉదయం ఏడింటికి మా కంచె పక్కనుంచి వెళ్ళేవాడు. తమిళ యాసే అయినా తెలుగు బాగానే మాట్లాడేవాడు. మొదటి వారంలోనే నన్ను పిలిచి, సున్నం కొట్టిన హద్దురాళ్ళకు ఐదడుగుల అవతల ఒక పొద చూపించాడు. లోపల పిడికెడు పిట్ట. గొంతు కింద ఇటుక రంగు. తోక ఎగరేస్తోంది.

"కాశ్మీరు నుంచి వస్తుందమ్మా. ప్రతి చలికాలం ఇదే పొద. మునుపు ఈ వాలు మీద ఇలాంటి పిట్టలు చాలా ఉండేవి. ఇప్పుడు రెండే. ఇదొకటి, వాగు దగ్గరొకటి."

"ఈ పొద పోతే ఇంకోటి చూసుకోదా తాతా?"

"ఎక్కడమ్మా? కిందంతా తేయాకు. వాగు దగ్గరికి పోతే అక్కడిది తరుముతుంది. పురుగులు దొరికేదీ, చలికి దాక్కునేదీ ఇందులోనే. మీవాళ్ళని రాళ్ళు దాటనీకు."

"నేనుండగా ఎవరు దాటతారు? మాటిస్తున్నా."

డిసెంబరులో ఆర్డరొచ్చింది. ఇన్‌స్పెక్షన్ ఉంది. కంచె నుంచి రాళ్ళ దాకా, ముప్పై మీటర్లు, పొదలు కొట్టేయాలి. "కొడవలి ఎవరికొచ్చు?" అంది మేడమ్. బడి సెలవులన్నీ మిరపచేలల్లో, జొన్నకోతల్లో గడిపినదాన్ని. అందరికంటే ముందు చెయ్యెత్తాను.

మా ఊళ్ళో సాలు చివర నాలుగు మొక్కలు వదిలితే ముఠా మేస్త్రమ్మ ఊరుకోదు. "తోక ఎవరికొదిలావే, మీ అత్తకా?" అని అందరి ముందూ అరుస్తుంది. చివరిదాకా కోసేయడం నా చేతులకు అలవాటు.

మూడింటికి మబ్బు కొండమీదకు దిగింది. రెండడుగుల అవతల ఏమీ కనబడలేదు. ఆగలేదు. వంగి కోస్తూ పోయాను. నాలుగున్నరకు మబ్బు విడిచింది. రాళ్ళు నా వెనక ఉన్నాయి, పిట్ట పొద నా కాళ్ళ దగ్గర పడి ఉంది.

మేడమ్ భుజం తట్టింది. సెట్ పిల్ల చప్పట్లు కొట్టింది. "గుండు గీసినట్టే ఉందే!"

"మాట్లాడకే," అన్నాను.

మర్నాడు ఆరుంపావుకి సెంట్రీ డ్యూటీ. గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టింది. పిట్ట ముళ్ళకంచె మీద ఉంది. టిక్, టిక్ అంటోంది. వాగు వైపు ఎగిరింది. అక్కడిది తరిమింది. తిరిగి కంచె మీదకే వచ్చింది. నాలుగు పొద్దులు అంతే. ఐదో పొద్దున కంచె ఖాళీ.

వారం సెలవు మీద ఊరెళ్ళిన ముసలాయన ఆ ఉదయమే తిరిగొచ్చి, కోసిన మొదలు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"మబ్బు తాతా. కనబడలా."

"కనబడకపోతే ఆగాలమ్మా."

ఆ తర్వాత ఆయన మా కంచె పక్కకు రాలేదు. దారి మార్చుకున్నాడు.

నాలుగేళ్ళ సర్వీసు ముగిసింది. చిల్లకల్లులో బస్సు దిగి ఇంటికొచ్చేశాను. ఇప్పుడు చేలో సాలు చివరికొచ్చేసరికి నా చెయ్యి ఆగుతుంది.

"మిలిటరీకెళ్ళి పని మర్చిపోయొచ్చావేంటే!" అంటుంది మేస్త్రమ్మ. అందరితోపాటు నేనూ నవ్వుతాను.

కళ్ళముందు మాత్రం ఆ కంచె. రెండు ముళ్ళ మధ్య పిట్ట. తోక ఎగరేస్తూ, లేని పొద వైపే చూస్తూ.