ఏలీయా సారు ‘ఐ గో’ బస్సు

ఏలీయా సారుకు ఒకటే పిచ్చి. మనిషన్నవాడు కనిపిస్తే చాలు, వాడి చేత ‘ఐ గో, యూ గో, హీ గోస్’ అప్పజెప్పించకుండా వదిలేవారు కాదు. మంగలి గడ్డం గీస్తుంటే సబ్బు నురగలోంచే అడిగేవారు. ఒక పెళ్లికొడుకు ‘షీ గోస్’ దగ్గర తడబడితే తాళి కూడా ఆగిందని ఆళ్లగడ్డలో చెప్పుకునేవారు.

1978లో ఆయనకు నంద్యాల బడికి బదిలీ అయింది. ఆళ్లగడ్డ నుంచి రోజూ ఏడున్నర బస్సు. ఆ బస్సు కండక్టరు ఖాజా పీర్‌కు గడ్డుకాలం మొదలైంది.

"టికెట్ సార్."

"తీసుకుంటా. ముందు ఐ గో చెప్పప్పా."

"నాకు రాదు సార్."

"అందుకే చెప్పమంటాండా."

ఖాజా పీర్ నోరు విప్పలేదు. మిగతా బస్సంతా విప్పింది. కోళ్లగంపతో ఎక్కిన జీవమ్మ మాత్రం ఎదురు తిరిగింది.

"నేను గోకు పోను సామీ. శిరివెళ్లకు పోతాండా."

"యాడికన్నా పో జీవమ్మా. ఐ గో అని పో."

నెల తిరిగేసరికి అందరికంటే గట్టి గొంతు జీవమ్మదే. గంపలో కోళ్లు కూడా అందుకునేవి. పక్క బస్సుల కండక్టర్లు "ఏందప్పా, మీ బండిలో భజన?" అని ఒకటే ఎకసెక్కాలు.

ఒకరోజు ఖాజా పీర్ ఓపిక చచ్చి, విజిల్ ఊది బస్సాపాడు. సారును దించేయాలని వెనక్కి నడిచాడు. భజన సాగుతూనే ఉంది. అందులో ఒక గొంతు విని అక్కడే నిలబడిపోయాడు.

అది తన కూతురు రహమత్‌బీ గొంతు. రోజూ ఇదే బస్సులో నంద్యాలకు పోయి టీచరు ట్రైనింగ్ చదువుతోంది. పిల్లకు నత్తి. కిందటేడు పాఠం చెప్పే పరీక్షలో మొదటి మాట దగ్గరే నిలిచిపోయి తప్పింది. ఈసారీ తప్పితే చదువు ముగిసినట్టే. అలాంటిది ఇప్పుడు ఎక్కడా తట్టుకోకుండా చెబుతోంది.

"సార్, ఇదంతా మా పాప కోసరమా?"

సారు కిటికీలోంచి బయటికి చూశారు. "నలుగురితో కలిసి చెప్తే దానికి నత్తి రాదప్పా. ఒక్కదాన్నే నిలబెడితే నవ్వుతారు. అందుకే అందర్నీ నవ్వులపాలు చేసినా. ఇంగ నవ్వేదానికి ఎవరుండారు?"

"మరి ఆ పెళ్లికొడుకు?"

"అది నా పిచ్చిలే."

పరీక్ష రోజు సారుకు తన బడి ఉంది. ఖాజా పీర్ ఉదయం పూటకు సెలవు పెట్టి తరగతి కిటికీ దగ్గర నిలబడ్డాడు. లోపల బల్లల మీద పిల్లలు. రహమత్‌బీ బోర్డు ముందుకొచ్చి "ఐ..." అంది. మళ్లీ "ఐ..." అంది. పరీక్షాధికారి పెన్నుకు మూత పెట్టాడు.

ఖాజా పీర్ కిటికీలో తల దూర్చాడు. "ఐ గో," అన్నాడు.

పిల్లలు అది పాఠమే అనుకుని "ఐ గో" అన్నారు. వాళ్లతో పాటు రహమత్‌బీ. "యూ గో" కూడా దాటింది. తర్వాత ఖాజా పీర్ "హీ గో" అన్నాడు.

"హీ గోస్, నాయనా," అంది రహమత్‌బీ, ఒక్కతే. ఇంక పాఠం ఆగలేదు. పరీక్షాధికారి పెన్ను మూత తీశాడు.

సాయంత్రం బస్సులో సారు అడిగారు. "ఎట్ల చెప్పిందప్పా?"

"నన్నే దిద్దింది సార్."

సారు ఆ మాటను రెండోసారి కూడా చెప్పించుకున్నారు. "అట్లయితే రేపట్నుంచి ‘ఐ కమ్’ మొదలుపెడదాం."

"రేపటిదాకా ఎందుకు సార్," అన్నాడు ఖాజా పీర్, విజిల్ ఊదుతూ. "శిరివెళ్ల వచ్చేలోపల ఒక రౌండు అయితాది."